రాట్‌నెస్ట్ నుంచి సొరెంటో రేసు: పక్క అలకు బోల్తా పడుతున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది భీమిలి, ఇప్పుడు పెర్త్‌లో ఉంటున్నాను. రాట్‌నెస్ట్ దీవి నుంచి సొరెంటో బీచ్ దాకా 27 కిలోమీటర్లు సాగే ‘ది డాక్టర్’ రేసులో సర్ఫ్‌స్కీ (పైన కూర్చుని తెడ్డు వేసే పొడవాటి సన్నని పడవ) మీద పాల్గొనాలని నా ఆశ. (ఇక్కడ మధ్యాహ్నం వీచే నైరుతి గాలిని ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు, రేసుకు ఆ పేరే పెట్టారు.)

స్వాన్ నదిలో 20 కిలోమీటర్లు ఆగకుండా తెడ్డు వేస్తాను. సముద్రంలోనే ఇబ్బంది. వెనక నుంచి వచ్చే అల మీద బాగానే జారుతున్నాను గానీ, అల ఏటవాలుగా పక్కన తగిలితే బోల్తా. మొదటిసారి వెంటనే ఎక్కేస్తాను. మూడోసారికి చేతుల్లో సత్తువ ఉండదు. పోయిన ఆదివారం ఎక్కలేక పది నిమిషాలు నీళ్లలోనే ఉండిపోయాను. కాలికి లీష్ (కాలిని స్కీకి కలిపే తాడు) ఉండబట్టి స్కీ గాలికి కొట్టుకుపోలేదు. ఆ భయం ఇంకా పోలేదు.

నా స్కీ వెడల్పు 45 సెంటీమీటర్లు. వేగం తగ్గినా సరే, 50 దగ్గరున్నదానికి మారమంటారా? లేక దీనిమీదే సాధన చేయాలా? బాగా అలసిపోయాక మళ్లీ ఎక్కడం మీరెలా నేర్చుకున్నారు? ఇంకోటి, తెడ్డు వదలకుండా నీళ్లు ఎలా తాగుతున్నారు? లైఫ్ జాకెట్ వెనక నీళ్ల సంచి పెట్టుకుంటే నా భుజాలు ఒరుసుకుపోతున్నాయి.

సముద్రంలో దూరం పోటీలు చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి, దయచేసి.