వసంతంలో గద్దల లెక్క: కోరుకొండ ఎక్కాలా, లంకల్లో కాపు కాయాలా?

గుట్టమెట్టు:
మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ 20 దాకా, ఉత్తరానికి తిరుగుముఖం పట్టే వేటపక్షుల్ని లెక్కపెట్టడానికి ఈసారి నాతో కలిపి ఐదుగురే కుదిరారు. రెండు చోట్లకి పంచితే ఎక్కడా చాలం. నా మాట కోరుకొండ గుట్టే. తొమ్మిదిన్నర దాటి నేల కాగితే థర్మల్స్, అంటే పైకి లేచే వేడిగాలులు, మొదలవుతాయి, గద్దలు వాటిలో చుట్లు తిరిగి ఎత్తుకి పోయి అక్కణ్ణుంచి జారుకుంటాయి. కింద నిలబడితే కనిపించేది నెత్తిమీద ఒక చుక్క. గుట్ట మీంచైతే చాలావాటిని పక్క నుంచి చూస్తాం, రెక్క వంపూ తోకా తెలుస్తాయి. ఇద్దరు ఆకాశాన్ని చెరి సగం పంచుకోవాలి, మూడో మనిషి రాయడమే, తల ఎత్తకూడదు. 8 రెట్ల బైనాక్యులర్ చాలు, 10 రెట్లదైతే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. గంటకో వరస రాయాలి: గాలి దిక్కు, మబ్బు ఎంత, ఎంత దూరం దాటితే వేడికి బొమ్మ అలుక్కుపోతోంది.

లంకగాలి:
కోరుకొండ ఒంటి గుట్టండీ, కొండల వరస కాదు. జార్జియాలోని బటూమిలో శరత్కాలంలో పది లక్షలు దాటి లెక్క పడతాయంటే, అటు నల్లసముద్రం, ఇటు కాకసస్ కొండలు పక్షుల్ని సందులోకి నెడతాయి కాబట్టి. ఇజ్రాయెల్‌లోని ఐలాత్‌లో వసంతం లెక్కా అంతే, ఎర్రసముద్రం మీదుగా పోవడం ఇష్టంలేని బజార్డులనే వేటపక్షులు దాని కొన దగ్గర పోగవుతాయి. మన గుట్ట చుట్టూ చేలే. పక్షి దాని మీంచే పోవాలని ఏముంది?

పైగా చలికాలమంతా మన చేలల్లో తిరిగేవి హారియర్లు, పిల్లిగద్దలంటామే, అవి. రెక్కలాడిస్తూ పోగలవు, థర్మల్ కోసం కాచుక్కూర్చోవు, నీళ్ళు దాటడానికి జంకవు. విడివిడిగా, ఎక్కడ పడితే అక్కడ్నుంచి వెళ్ళిపోతాయి. అవి లెక్కకి దొరికేది సాయంత్రం లంకల గడ్డిలో పడక (రాత్రికి గుంపుగా నిద్రపోయే చోటు) చేరేటప్పుడే.

కాకినాడరేవు:
ముందు ఒకటి తేల్చండి. చెత్తకుప్పల మీద తిరిగే నల్లగద్దల్ని గుట్ట మీద ఎలా విడదీస్తారు?

గుట్టమెట్టు:
తూర్పు పడమరలుగా ఒక ఊహాగీత పెట్టుకుంటాం. ఉత్తరానికి దాటినవి కూడి, దక్షిణానికి తిరిగొచ్చినవి తీసేస్తాం. చుట్లు తిరిగే గుంపుని అలాగే లెక్కపెట్టకూడదు. పైకొన నుంచి ఒక్కొక్కటీ జారి వరస కడుతుంది, అప్పుడు క్లిక్కర్ (నొక్కితే ఒకటి పెరిగే లెక్కల మీట) నొక్కాలి.

లంకగాలి:
ఆ తీసివేత దగ్గరే తప్పు. ఏప్రిల్లో దాళ్వా కోత మెషిన్ దిగిందంటే ఎలకల కోసం, మిడతల కోసం నల్లగద్దలన్నీ దాని వెనకే. కోత ఉత్తరం చేలల్లో ఉంటే పొద్దున 40 గీత దాటుతాయి. మీరు మూడింటికి దిగిపోతారు. అవి ఐదున్నరకి వెనక్కొస్తాయి. కాగితం మీద 40 వలస, నిజానికి సున్నా.

గుట్టమెట్టు:
అందుకే నల్లగద్దలకి వేరే గడి, మొత్తంలో కలపం. ఆ 40 పట్టుకుని పద్ధతినే కొట్టేస్తే ఎలా?

లంకగాలి:
40 చిన్న తప్పు కాదు. నల్లగద్దలు తీసేస్తే మీ గుట్ట మీద మిగిలేదెంత?

గౌతమిగట్టు:
పిల్ల గరుడ పక్షిని మార్ష్ హారియర్ అని రాసే తప్పు కూడా చూసుకోండి. గరుడ పక్షి తోక గుండ్రం, రెక్కలు చాచి జారుతుంది. హారియర్ రెక్కలు కాస్త పైకెత్తి, వెడల్పాటి V ఆకారంలో పట్టుకుంటుంది, తోక పొడుగు.

కాకినాడరేవు:
గుట్ట లెక్క మూడింటికి అయిపోతుంది, పడక లెక్క ఐదింటికి మొదలు. ఆ ఐదుగురే రెండూ చెయ్యొచ్చుగా?

లంకగాలి:
కోరుకొండ నుంచి కోనసీమ లంకలకి రెండు గంటల పైమాటే. ఎండలో ఐదు గంటలు చూసిన కళ్ళకి మసక వెలుతురులో హారియర్లలోనే రెండు జాతులు, ఆడ పాలిడ్, ఆడ మాంటేగు తేడా ఏం తెలుస్తుంది? మగవైతే సులువు: మాంటేగుకి రెక్క మీద నల్ల చార, పాలిడ్‌కి రెక్క కొసన సన్నటి నల్ల మేకు. ఆడవీ పిల్లలూ తేలకపోతే "హారియర్, జాతి తెలియదు" అని రాయాలి.

పడక లెక్కకి పొద్దుగూకే గంట ముందే చేరాలి. మార్చి నెలాఖరున మనకి ఆరుంబావు లోపే పొద్దు గూకుతుంది. వెలుతురు వీపు వెనక ఉండాలి కాబట్టి పడకకి పడమటి పక్కన, కనీసం 150 మీటర్ల ఎడంలో. దిగినవి మళ్ళీ లేచి చోటు మారతాయి, అక్కడే రెట్టింపు పడుతుంది. ఒకరు దిగినవి, ఒకరు లేచినవి, మూడో మనిషి రాయడం. చీకటి పడేదాకా కదలకూడదు. మర్నాడు తెల్లారకముందే వచ్చి లేచిపోయేవాటితో సరిచూడాలి.

ఇంకో మాట. పోయిన ఏడు పట్టీ కూర్చినవాళ్ళు నా సున్నా గంటలు తీసేశారు. 10 గంటల్లో 20 పక్షులంటే గంటకి 2. సున్నా పడిన 6 గంటలు కొట్టేస్తే గంటకి 5. అలాంటి పట్టీ చూపించి గుట్ట గొప్పదంటే నమ్మను.

గుట్టమెట్టు:
తీసింది నేను కాదు, కానీ ఎందుకు తీశారో తెలుసు. ఆ షీట్లలో మొదలుపెట్టిన వేళా, ఆపిన వేళా లేవు, ఎంతమంది చూశారో లేదు. వేళ లేని సున్నా ఖాళీ కాగితమే.

లంకగాలి:
వేళ రాశాను! ఖాళీ కాగితమంటే ఊరుకోను. ఆ సాయంత్రాల్లో పక్షి రాకపోవడానికి కారణం పక్కనే ప్రొక్లెయిన్ చెరువు తవ్వడం. ఆ సున్నాలే నా సాక్ష్యం. మీకు కావాల్సింది ఏటేటా పోల్చుకునే అంకె. నాకు కావాల్సింది వచ్చే చలికాలానికి ఆ గడ్డి ఉండటం. గుట్ట మీది అంకె ఏ గడ్డి పోయిందో చెప్పదు.

గుట్టమెట్టు:
ఇది మొదటి పోస్టులోనే అనాల్సింది. మరి పడక ఖాళీ అయితే పక్షులు తగ్గాయా, పక్క లంకకి మారాయా? ఒక్క పడక చూస్తే ఎలా తెలుస్తుంది? పోల్చే అంకె లేకుండా చెరువు వల్లే పోయాయని ఏ అధికారి ముందు నిలబెడతారు?

గౌతమిగట్టు:
చుట్టుపక్కల ఉన్న పడకలన్నీ ఒకే సాయంత్రం చూడాలి. ఐదుగురితో అవదు.

గుట్టమెట్టు:
గుట్ట మీద ముగ్గురు తప్పనిసరి. ఇద్దర్ని ఇవ్వగలను, మార్చి చివరి పది రోజులకి. చోటు ఇక్కడ పెట్టండి.

లంకగాలి:
చోటు ఇక్కడ రాయను. కార్లు, డ్రోన్లు వచ్చిన పడక మళ్ళీ నిండదు. ఆ ఇద్దరూ నేనూ కలిస్తే ముగ్గురం. టార్చికి ఎర్ర కాగితం కట్టుకుని ముదురు రంగు బట్టల్లో నాలుగున్నరకి రేవు దగ్గరుంటే పడవ నేను చూస్తాను. వేళలు, సున్నాలు వాళ్ళ చేత్తోనే రాయాలి, నకలు ఆ రాత్రే నాకివ్వాలి. ఈసారి ఏ గంట తీసినా ఎందుకు తీశారో పట్టీలోనే రాయాలి. దానికి ఒప్పుకుంటేనే.