నల్లరేగడిలో చీమల పిట్‌ఫాల్ ట్రాప్: గ్లాసు చుట్టూ నెర్రెలు, ఏం చేయాలి?

నర్సంపేట దగ్గర పత్తి చేల గెట్ల మీద నేల చీమల కోసం పిట్‌ఫాల్ ట్రాపులు, అంటే నడిచే చీమ జారి పడేలా మూతి నేలకు సమంగా పాతిన గ్లాసులు, పెడుతున్నాం (పట్టా భూములే, పాఖాల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేనిదే పెట్టకూడదు). 7 సెంటీమీటర్ల మూతి ఉన్న ప్లాస్టిక్ గ్లాసులో 50 మి.లీ. ఉప్పునీళ్లు, చీమ తేలకుండా మునగడానికి ఒక చుక్క గిన్నెల సబ్బు. 10 మీటర్లకొకటి. కొత్తగా తవ్విన చోట చీమలు ఎక్కువ పడి లెక్క తప్పుతుంది కాబట్టి 3 రోజులు మూతపెట్టి ఉంచి, తర్వాత 48 గంటలు తెరుస్తున్నాం.

చెల్కలో ఇబ్బంది లేదు. రేగడితోనే తలనొప్పి. ఎండకు నేల ముడుచుకొని అంచు చుట్టూ వేలు పట్టేంత సందు పడుతోంది, చీమలు అందులోకే దిగిపోతున్నాయి. వాన పడితే అదే మన్ను ఉబ్బి గ్లాసును పైకి నెడుతోంది. అంచు కొంచెం లేచినా చిన్న చీమలు వెనుదిరుగుతాయి. పీవీసీ పైపు ముక్క పాతి అందులో గ్లాసు దించితే పైపు చుట్టూ మళ్లీ సందు రాదా? చుట్టూ ఇసుక కూరినవాళ్లు ఉన్నారా? ఎంత మందాన?

ఇంకోటి. కడిగి 70 శాతం ఆల్కహాల్‌లో వేసినా చీమల మీద తెల్లటి ఉప్పు పొర మిగులుతోంది, వెంట్రుకలు కనబడట్లేదు. ఎన్నిసార్లు కడగాలి? ఉప్పునీళ్లకు బదులు పోయడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ హన్మకొండలో లీటరు లెక్కన ఎక్కడ దొరుకుతుంది? కారు కూలెంట్ మాత్రం వద్దు, అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, మేకలు తాగితే చస్తాయి.