నాన్న కాలి మీద నరాలు ఉబ్బాయి, చర్మం నల్లబడుతోంది. ఎవరికి చూపించాలి?

గాజువాక అమ్మాయి:
నమస్కారం అండి. మా నాన్నకి 54 ఏళ్లు, గాజువాకలో చిన్న టిఫిన్ సెంటర్. తెల్లవారుజామున 4 గంటల నుంచి మధ్యాహ్నం దాకా పెనం ముందే నిలబడతారు, ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాలు బరువెక్కిపోతుంది, చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటి దాకా పూడదు. ఈమధ్య అక్కడే లోపలివైపు చర్మం కాఫీపొడి రంగుకి తిరిగింది, దురద కూడా. మందుల షాపులో నరాల బలహీనత అని బీ12 బిళ్లలు ఇస్తే 4 నెలలు వాడారు, ఏమీ తగ్గలేదు. నిన్న చూశాను, దోశ కాలేలోపు ఆ కాలు ఎత్తి ఖాళీ సిలిండర్ మీద పెట్టుకుంటున్నారు, అలా పెడితే లాగడం తగ్గుతుందట. అది చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? ఆపరేషన్ తప్పదా? షాపు మానేయమంటే మాత్రం ఆయన వినరు.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు:
అమ్మా, మనం నరం అనే ఒక్క మాటనే రెండింటికీ వాడేస్తాం, చిక్కంతా అక్కడే వస్తుంది. స్పర్శ తెలిపే నరాలు వేరు, రక్తం మోసే సిరలు వేరు. నాన్నగారికి ఉబ్బినవి సిరలు, వాటికి బీ12తో పని లేదు. కాళ్లలోకి దిగిన రక్తం మళ్లీ పైకెక్కాలంటే పిక్క కండరం నొక్కుకోవాలి, ఎక్కిన రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే పిక్కకి పని ఉండదు, కవాటాలు వదులైతే రక్తం కిందే నిలిచిపోతుంది. రంగు మారిందన్నారే, రక్తం చర్మంలోకి ఊరి అలా మచ్చ కడుతుంది. అది దాటితే పుండు పడుతుంది. వార్డులో ఆ పుళ్లకి నెలల తరబడి కట్లు కట్టాను, అందుకే చెబుతున్నాను, ఇంక ఆలస్యం చేయొద్దు. వాస్క్యులర్ సర్జన్‌కి, అంటే రక్తనాళాల డాక్టర్‌కి చూపించండి, లేదంటే వైజాగ్ కేజీహెచ్ పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి తీసుకెళ్లండి. కాలికి డాప్లర్ స్కాన్ రాస్తారు, సిరల్లో రక్తం ఎటు పారుతుందో అందులో తెలుస్తుంది, కవాటాలు చూడాలి కాబట్టి అది నిలబెట్టి చేయాలి.

ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పి, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి.

సీతమ్మధార అక్క:
నేను పదకొండేళ్లు చీరల షాపులో నిలబడే పనిచేశాను, నాకూ ఇదే. మొదట వెళ్లిన చోట స్కాన్ కూడా చేయకుండా రేపే లేజర్‌తో సిర మూసేద్దాం అన్నారు, భయమేసి వచ్చేశాను. ఇంకో డాక్టర్ స్కాన్ చూసి ముందు కాలిని బిగించి పట్టే మేజోళ్లు రాశారు, 20-30 ఎంఎం ప్రెషర్‌వి. పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడగాలి, రాత్రి తీసేయాలి. మన వైజాగ్ ఉక్కపోతలో మొదటి వారం నరకమే, ఏడుపొచ్చేది. రెండు జతలు కొనుక్కుని రోజూ ఉతికి మార్చాక అలవాటైంది. రబ్బరు చేతి తొడుగులు వేసుకుని పైకి లాగితే సులువుగా ఎక్కుతాయి. ఏడాది తర్వాత లేజర్ కూడా చేయించుకున్నాను. సిర మూసేస్తే రక్తం ఎటు పోతుందని మా అత్తగారు ఒకటే గొడవ, కానీ కాలి రక్తంలో సుమారు 90 శాతం లోపలి పెద్ద సిరల్లోనే పైకి వెళ్తుందట. చేసిన రోజే నడిపించారు.

పెందుర్తి బాబాయ్:
నాన్నగారు బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారా? దానితోనూ చీలమండలు వాస్తాయి, నాకు అలాగే అయింది, డాక్టర్ మందు మార్చాక తగ్గింది. సొంతంగా మాత్రం ఆపకండి. షుగర్, సిగరెట్ ఉంటే మేజోళ్లు కొనేముందు పాదంలో నాడి చూపించుకోండి, కాలికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉంటే బిగుతు మేజోళ్లు హాని చేస్తాయి.

గాజువాక అమ్మాయి:
బీపీ లేదు బాబాయ్ గారూ, షుగర్ ఉంది. నాడి తప్పకుండా అడుగుతాను. సోమవారం షాపు సెలవు, ఆరోజే తీసుకెళ్తాను. అప్పటిదాకా ఇంట్లో ఏం చేయమంటారు?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు:
సిలిండర్ మీద కాలు పెట్టడం ఆయన శరీరమే నేర్పింది, కానీ ఆ ఎత్తు చాలదు. మధ్యాహ్నం షాపు కట్టేశాక పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా కింద దిండ్లు పెట్టి ఇరవై నిమిషాలు ఉంచమనండి, రాత్రి మళ్లీ ఒకసారి. పెనం దగ్గర ప్రతి దోశకీ నాలుగైదు సార్లు మడమలు ఎత్తి దించమనండి, పిక్క కదిలితే రక్తం కదులుతుంది. దురద ఉన్నచోట గోకనివ్వకండి, కొబ్బరినూనె పలచగా రాయండి. ఉబ్బిన సిరల మీద గట్టిగా మర్దన చేయించొద్దు. సోమవారం స్కాన్‌లో ఏం చెప్పారో ఇక్కడ రాయమ్మా, చూస్తూ ఉంటాను.