4.0 ఇంజిను ఉన్న టీజే రాంగ్లర్‌లో ఎన్‌వి4500 గేరుబాక్సు వేయడం సబబేనా?

టాహోదారి:

నా దగ్గర 1999 నాటి జీప్ రాంగ్లర్ టీజే ఉంది. 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, దాని వెనుక కంపెనీ అమర్చిన ఏఎక్స్‌-15 అయిదు గేర్ల మాన్యువల్, ఆ వెనుక, శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే 231 ట్రాన్స్‌ఫర్ కేసు. దాని లో-రేంజ్, అంటే నెమ్మదిగా పాకడానికి వేసుకునే అదనపు గేరు తగ్గింపు, 2.72. 35 అంగుళాల టైర్లకు తగినట్టుగా రెండు ఇరుసుల్లోనూ 4.88 నిష్పత్తి గేర్లు వేయించాను. వెనుక ఇరుసు డానా 44. ఇప్పుడు మూడో గేరు సాఫీగా పడేలా చేసే సింక్రోనైజరు అరిగిపోయి, వేడెక్కాక గేరు మార్చిన ప్రతిసారీ గరగరమంటోంది కాబట్టి గేరుబాక్సును ఎలాగూ కిందికి దించక తప్పదు. దించాక దాన్నే బాగుచేయించుకోవాలా, లేక షెవర్లే, డాడ్జ్ ట్రక్కుల్లో వాడిన ఎన్‌వి4500ను దాని స్థానంలో వేయాలా అన్నది నా సందేహం. బండి రోజూ ఆఫీసుకు నడిపేది కాదు. కాలిఫోర్నియాలోని హాలిస్టర్ హిల్స్‌కు, వేసవిలో రాళ్లు నిండిన రూబికాన్ ట్రయిల్‌కు వెళ్తుంది. అక్కడిదాకా రోడ్డు మీదే నడుపుకుంటూ వెళ్తాను. ఇంజిను మార్చే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు. వేయమనేవారు, వద్దనేవారు ఇద్దరూ కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇనుపపెట్టె:

వేయండి. రాళ్ల మీద నడిచే బండికి మాన్యువల్ గేరుబాక్సే కావాలనుకుంటే, ఎన్‌వి4500 కంటే తగినది అమెరికా రోడ్లమీద తిరిగిన ట్రక్కుల్లో నాకు కనబడలేదు. 1992లో జీఎం ట్రక్కుల్లో వచ్చింది, ఆ తరువాత డాడ్జ్ వాళ్లు దాన్ని 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ వెనుక పెట్టారు. ఆ డీజిల్ 460 పౌండ్-ఫీట్ల టార్క్ ఇచ్చిన రోజుల్లో కూడా ఈ పెట్టే మోసింది. మీ 4.0 ఇంజిను ఇచ్చేది 222. అంటే మీరు ఎంత మొరటుగా నడిపినా దానికి సగం పని కూడా కాదు. పోత ఇనుప కేసింగు కాబట్టి రాయి తగిలినా అల్యూమినియంలా పగలదు.

అసలు లాభం మొదటి గేరులో ఉంది. ఏఎక్స్‌-15 మొదటి గేరు 3.83; ఎన్‌వి4500ది 5.61, 1992 నుంచి 1994 వరకు జీఎం వాడిన రకంలో అయితే 6.34. మీ 2.72 లో-రేంజ్‌తో, 4.88 ఇరుసులతో గుణిస్తే క్రాల్ రేషియో, అంటే మొదటి గేరులో ఇంజిను నుంచి చక్రం దాకా మొత్తం తగ్గింపు, ఇప్పుడున్న 51 నుంచి 74కు చేరుతుంది, పాత జీఎం రకంతో 84కు. ఇంజిను ఐడిల్‌లో 750 ఆర్‌పీఎం తిరుగుతోందనుకుంటే, ఇప్పుడు నిమిషానికి 41 మీటర్లు పాకే బండి అప్పుడు 28 మీటర్లే పాకుతుంది. ఈ తేడా క్లచ్ మీద కాలు పెట్టి రాయి ఎక్కడానికీ, కాలు పూర్తిగా తీసేసి ఎక్కడానికీ మధ్య ఉన్న తేడా. రూబికాన్ ట్రయిల్‌లోని క్యాడిలాక్ హిల్‌ను టాహో వైపు నుంచి దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజినే బండిని పట్టి ఉంచడం ఎంత ధీమానిస్తుందో, దిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రోడ్డు మీద నష్టమూ లేదు. అయిదో గేరు 0.73, మీ ఇప్పటిది 0.79. గంటకు 105 కిలోమీటర్ల వద్ద సుమారు 2,400 ఉన్న ఆర్‌పీఎం 2,230 దగ్గరకు దిగుతుంది.

రాళ్లదారి:

పైన చెప్పిన లెక్కలు సరైనవే. వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా, ఆ లెక్కను సాధించడానికి ఎంచుకున్న చోటు గురించే. టాహోదారి గారు అదే ఏఎక్స్‌-15ను బాగుచేయించుకుని, ట్రాన్స్‌ఫర్ కేసులో లో-రేంజ్‌ను 2.72 నుంచి 4.0కు మార్చుకుంటే ఏమవుతుందో ఒక్కసారి గుణించి చూడండి. 3.83ను 4తో, ఆపైన 4.88తో గుణిస్తే 74.8 వస్తుంది. ఎన్‌వి4500తో వచ్చేది 74.5. అంటే బండి పాకే వేగం రెండింటిలోనూ ఒకటే. 2003లో రూబికాన్ పేరుతో వచ్చిన టీజేకు జీప్ కంపెనీయే 4:1 ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టింది తప్ప ట్రక్కు గేరుబాక్సు పెట్టలేదు. ఆ నిర్ణయంలో విషయం ఉంది.

ఇక టార్క్ ఎక్కడ పెరుగుతోందన్నది చూడాలి, ఎందుకంటే ఈ చర్చల్లో అందరూ గేరుబాక్సు బలం గురించే మాట్లాడి దాని వెనుక ఉన్నవాటిని మరచిపోతారు. 222 పౌండ్-ఫీట్లు మొదటి గేరు 3.83తో గుణించబడితే ట్రాన్స్‌ఫర్ కేసులోకి వెళ్లేది 850, అదే 5.61 అయితే 1,245. మీ 231 ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఇరుసును గొలుసుతో నడిపే చిన్న పెట్టె. ముందున్న గేరుబాక్సును ఉక్కుమనిషిని చేసి, వెనుకున్న 231ను అలాగే వదిలేస్తే బలహీనమైన చోటు ఒక అడుగు వెనక్కి జరుగుతుందే తప్ప పోదు. లో-రేంజ్‌ను ట్రాన్స్‌ఫర్ కేసులో పెంచినప్పుడు మాత్రం గేరుబాక్సు మీద, ట్రాన్స్‌ఫర్ కేసు ఇన్‌పుట్ మీద భారం ఇప్పటిలాగే ఉంటుంది. ఇరుసుల మీద పడేది రెండు పద్ధతుల్లోనూ సమానమే, కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తీసుకురావడం లేదు. ముందున్న డానా 30 ఇరుసు షాఫ్టుల గురించి మీరు ఏ దారిన వెళ్లినా ఆలోచించుకోవలసిందే.

మూడోది పొడవు. నా దృష్టిలో ఇదే అన్నింటికన్నా ముఖ్యమైనది. టీజే వీల్‌బేస్, అంటే ముందు, వెనుక చక్రాల మధ్య దూరం, 93.4 అంగుళాలు. ఎన్‌వి4500 పొడవు, దానికి ముందూ వెనుకా వేసే అడాప్టర్ల మందం కలిసి ట్రాన్స్‌ఫర్ కేసును కొన్ని అంగుళాలు వెనక్కి నెడతాయి. టీజే వెనుక డ్రైవ్‌షాఫ్టు ఇప్పటికే పొట్టి. సస్పెన్షన్ పైకి లేపిన బండిలో అది నిటారుగా కిందికి దిగుతుంది. 20 అంగుళాల షాఫ్టు 6 అంగుళాల ఎత్తు తేడాను మోస్తోందనుకుంటే వంపు సుమారు 17 డిగ్రీలు. అదే షాఫ్టును 16 అంగుళాలకు కుదిస్తే 22 డిగ్రీలు. ఆ వంపులో షాఫ్టు చివరి కీళ్లు, అంటే యూ-జాయింట్లు, ఎంతకాలం మన్నుతాయి, హైవే మీద ఎంత వణుకు పుడుతుంది అన్నవి చిన్న ప్రశ్నలు కావు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక జారే కొలికి అయిన స్లిప్ యోక్ తీసేసి, ఒక చివర జంట కీళ్లుండే డబుల్ కార్డన్ షాఫ్టు వేసి, షాఫ్టు కలిసే వెనుక ఇరుసు పినియన్‌ను పైకి తిప్పి కొంత సర్దుకోవచ్చు. కానీ అదంతా చేశాక కూడా మీరు కొన్న క్రాల్ రేషియో, ఇంత కోత లేకుండానే దొరికేదే.

డాలస్4x4:

నాది 2005 రాంగ్లర్ అన్‌లిమిటెడ్, అంటే అదే టీజే, వీల్‌బేస్ 10 అంగుళాలు ఎక్కువ. అందులో జీఎం 5.3 వీ8తో పాటు ఎన్‌వి4500 వేసుకున్నాను. వేసినందుకు సంతృప్తిగా ఉన్నాను. ఆ అదనపు 10 అంగుళాలు లేకపోయినా, ఆ వీ8 లేకపోయినా ఈ పెట్టె జోలికి వెళ్లేవాడిని కాను. రాళ్లదారి గారు పొడవు గురించి చెప్పినది అక్షరాలా నిజం. ఇంకొక మాట: ఎన్‌వి4500 గేరు కర్ర రోడ్డు మీద తొందరపడనివ్వదు. దాని కదలిక పొడవు, గేర్ల మధ్య ఎడం ఎక్కువ. మొదటిది 5.61, రెండోది 3.04, మూడోది 1.67, ఖాళీ బండిని రోడ్డు మీద నేను రెండో గేరులోనే కదిలిస్తాను. అంటే రోడ్డు మీద నాకున్నది నాలుగు గేర్ల బండి.

ఇనుపపెట్టె:

రాళ్లదారి గారి గుణకారం చక్కగా ఉంది, కానీ 4:1 లో-రేంజ్‌కు ఉన్న లోపాన్ని దాటవేశారు. 4:1 పెట్టుకున్న బండి లో-రేంజ్‌లో మరీ నెమ్మదైపోతుంది. సగం రాళ్లు, సగం మట్టి ఉన్న దారిలో, ఇసుకలో, మంచులో కాస్త ఊపు కావలసినచోట లో-రేంజ్ చాలదు, హై-రేంజ్ ఎక్కువవుతుంది. ఆ రెండింటి మధ్య మాటిమాటికీ మీట లాగుతూ కూర్చోవాలి. ఎన్‌వి4500తో 2.72 అలాగే ఉంటుంది, మొదటి గేరు ఒక్కటే అడుగుకు దిగుతుంది. పైగా హై-రేంజ్‌లో, వెనుక చక్రాలు మాత్రమే నడుస్తున్నప్పుడు కూడా, ఆ 5.61 మీ చేతిలో ఉంటుంది. పడవ ట్రెయిలరును తడి ర్యాంపు మీదినుంచి లాగేటప్పుడు, గోతులు పడ్డ అడవి రోడ్డు ఎక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు ఆ పని చేయలేదు.

ఏఎక్స్‌-15 ఎలాగూ విప్పుతున్నారు. సింక్రోనైజర్లు, బేరింగులు, సీళ్లు అన్నీ మార్చి, దాని మీద మళ్లీ ట్రాన్స్‌ఫర్ కేసుకు ఖర్చు పెట్టి, చివరకు మిగిలేది పాతికేళ్ల నాటి తేలిక గేరుబాక్సే కదా?

రాళ్లదారి:

హై-రేంజ్‌లో లోతైన మొదటి గేరు ఉండటం నిజమైన లాభం. ట్రెయిలరు లాగేవారికి అది పెద్ద లాభమే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ టాహోదారి గారు ట్రెయిలరు మాటే ఎత్తలేదు.

4:1లో మధ్య వేగాలు పోతాయన్నది మాత్రం లెక్కకు నిలవదు. ఏఎక్స్‌-15 రెండో గేరు 2.33, నాలుగుతో గుణిస్తే 9.3. ఇప్పుడు వారు వాడుతున్న లో-రేంజ్ మొదటి గేరు 10.4. అంటే 4:1 వేసుకున్నాక రెండో గేరు వేస్తే ఇంచుమించు ఇప్పటి మొదటి గేరు, కొంచెం వేగంగానే. మూడో గేరు 5.8, ఇప్పటి రెండోది 6.3. వారికి అలవాటైన గేర్లన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి, వాటి కింద కొత్తగా ఒక మొదటి గేరు చేరుతుంది. పోయేది లో-రేంజ్ అయిదో గేరు ఒక్కటే, దాన్ని వాడేవారిని నేను చూడలేదు.

ఏఎక్స్‌-15ను తేలిక గేరుబాక్సు అనడం కూడా న్యాయం కాదు. నాలుగు సిలిండర్ల టీజేలో వచ్చిన ఏఎక్స్‌-5 విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. ఏఎక్స్‌-15 అలాంటిది కాదు. ఐసిన్ తయారీ, 4.0 ఇంజిను వెనుక సరైన నూనెతో ఉంటే దశాబ్దాలు నడుస్తుంది. సింక్రోనైజర్లు ముందుగానే అరిగిపోవడానికి సాధారణంగా కారణం నూనె. ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-4 రకం గేరు నూనె కావాలి. ఇరుసులో పోసే జీఎల్-5 నూనెలోని గంధకపు మిశ్రమాలు ఆ ఇత్తడిని తినేస్తాయి. మునుపటి యజమాని ఏం పోశారో టాహోదారి గారు కనుక్కోగలిగితే మంచిది.

వేయాలనే నిశ్చయించుకున్నా, 4.0 ఇంజినుతో మరొక చిక్కు ఉంది. ఆ ఇంజిను క్రాంక్ పొజిషన్ సెన్సరు, ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే బెల్‌హౌసింగ్‌కే బిగించి ఉంటుంది. ఫ్లైవీల్ మీది గాడులను చదువుతుంది. కొత్త బెల్‌హౌసింగ్‌లో ఆ సెన్సరుకు చోటు, ఫ్లైవీల్‌కు దాని దూరం సరిగ్గా కుదరకపోతే ఇంజిను స్టార్టే కాదు. అందువల్ల 4.0 కోసమే తయారైన కిట్ తీసుకోవాలి. ట్రక్కునుంచి ఊడదీసిన బెల్‌హౌసింగ్‌తో పని జరగదు. వెనుక వైపు కూడా అంతే: జీఎం 4x4 రకం అవుట్‌పుట్ షాఫ్టుకు 32 స్ప్లైన్లు (షాఫ్టు మీది పళ్లు), మీ ట్రాన్స్‌ఫర్ కేసు ఇన్‌పుట్‌కు 23, కాబట్టి రెండూ నేరుగా కలవవు. ఆపైన ఫ్లోరులో గేరు కర్ర రంధ్రం జరపడం, కింద గేరుబాక్సును మోసే స్కిడ్ ప్లేటును సవరించడం, ముందు డ్రైవ్‌షాఫ్టును పొడిగించడం, వెనుకదాన్ని కుదించడం. 195 పౌండ్ల ఇనుప పెట్టెను నేలమీద పడుకుని పైకెత్తి, ఇన్‌పుట్ షాఫ్టును పైలట్ బేరింగులోకి సూటిగా నెట్టడం ఒక్కరి పని కాదు. ట్రాన్స్‌మిషన్ జాకీ లేకుండా ప్రయత్నించవద్దు.

టాహోదారి:

అందరికీ ధన్యవాదాలు. 74.5, 74.8 అన్న రెండు అంకెలు పక్కపక్కన చూశాక నా ప్రశ్న మారిపోయింది. ఇంజిను మార్చనంతవరకు ఏఎక్స్‌-15నే పూర్తిగా బాగుచేయించి, 4:1 ట్రాన్స్‌ఫర్ కేసు వైపు వెళ్తాను. అయితే మా ఊళ్లో ఒకరు కమిన్స్ డాడ్జ్‌లోంచి తీసిన ఎన్‌వి4500ను చవకగా ఇస్తామంటున్నారు. తరువాత ఎప్పుడైనా వీ8 వేస్తే పనికొస్తుందని తీసి ఉంచుకోవచ్చా? ఏం చూసి కొనాలి?

డాలస్4x4:

మీది పొట్టి టీజే కాబట్టి వీ8 వేసినా పొడవు సమస్య మీతోనే ఉంటుంది. ఆ నిర్ణయం జరగకముందే పెట్టె కొని షెడ్డులో పెట్టుకోవడం నాకైతే తొందరపాటు అనిపిస్తుంది. అయినా కొంటే, డీజిల్ డాడ్జ్‌లోంచి వచ్చినదానికి ఒక పేరుపడ్డ జబ్బు ఉంది. అయిదో గేరు మెయిన్‌షాఫ్టు చివర ఒక నట్టుతో నిలబడుతుంది. డీజిల్ ఇంజిను అదురుకు ఆ నట్టు వదులై వెనక్కి జరుగుతుంది, దాని వెంట అయిదో గేరు స్ప్లైన్ల మీదినుంచి జారిపోతుంది. మిగతా నాలుగు గేర్లు మామూలుగా పనిచేస్తుంటాయి కాబట్టి అమ్మేవారికి కూడా తెలియకపోవచ్చు. పక్కనున్న పీటీవో (బయటి పరికరాలకు శక్తి తీసుకునే చోటు) మూత తీస్తే మిగతా గేర్ల పళ్లు కనిపిస్తాయి, కానీ అయిదోది వెనుక భాగంలో ఉంటుంది. అందుకని వెనుక హౌసింగు ఊడదీయించి నట్టు బిగువునూ, దాని కింద షాఫ్టు స్ప్లైన్ల అరుగుదలనూ కళ్లతో చూడండి. స్ప్లైన్లు అరిగి ఉంటే నట్టు బిగించి లాభం లేదు. పూర్తి పొడవునా స్ప్లైన్లు ఉన్న కొత్త మెయిన్‌షాఫ్టు వేయాలి, అప్పుడు చవక ధర చవకగా మిగలదు. వెనుక హౌసింగు విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ పెట్టె అక్కడే వదిలేయండి.