తుపాను హెచ్చరిక దాటి వెళ్ళిన బోటును కాపాడితే, ఆ ఖర్చు యజమాని కట్టాలా?

తీరవాసి:
అక్టోబరు, నవంబరు నెలలంటే మా ఇంట్లో భయం. మా తమ్ముడు సముద్రంలో రక్షణ విధులు చేసే హెలికాప్టరు సిబ్బందిలో ఒకడు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని వార్త వస్తే చాలు, మా మరదలు ఫోను చేతిలోంచి దించదు.

వాతావరణ శాఖ తుపానుకు 72 గంటల ముందు ఒకసారి, 48 గంటల ముందు మరోసారి, 24 గంటల ముందు ఇంకోసారి చెబుతుంది. తుపాను హెచ్చరికల కేంద్రం మన విశాఖలోనే ఉంది. రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, వేటకు వెళ్ళవద్దని మత్స్యశాఖ ప్రకటిస్తుంది. అయినా కొన్ని బోట్లు బయలుదేరుతూనే ఉంటాయి. తర్వాత వాటి కోసం ఓడలు, హెలికాప్టర్లు వెళ్ళాలి. 2024 సెప్టెంబరు 2 రాత్రి పోరుబందరు దగ్గర ఒక ట్యాంకరు ఓడలో గాయపడిన నావికుణ్ణి తీసుకురావడానికి కోస్ట్‌గార్డ్ హెలికాప్టరు వెళ్ళి సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్న నలుగురిలో ఒక్కడే బతికాడు. ఆ రాత్రి మా మరదలు నిద్రపోలేదు.

నా ప్రతిపాదన ఇది. హెచ్చరిక వచ్చాక రేవు దాటిన బోటును కాపాడవలసి వస్తే ఆ ఖర్చంతా యజమాని దగ్గర వసూలు చేయాలి. లైసెన్సు ఏడాదిపాటు రద్దు చేయాలి. మీరేమంటారు?

మధురవాడ మాస్టారు:
నేను ఒప్పుకుంటాను. రోడ్డు మీద ఎర్రదీపం దాటితే జరిమానా వేస్తున్నాం. సముద్రంలో ఎందుకు వేయకూడదు?

జాలారిపేట అబ్బాయి:
తీరవాసి అన్నా, మీ తమ్ముడి లాంటివాళ్ళంటే మా పేటలో అందరికీ గౌరవమే. మా నాన్న ఇరవై రెండేళ్ళు మరబోటు సరంగుగా, అంటే బోటును నడిపే పెద్దగా, చేశారు. ఒకసారి ఆయనను, ఏడుగురు కళాసీలను (బోటులో పనిచేసేవాళ్ళను) ఓడవాళ్ళే తాళ్ళతో పైకి లాగారు. నేను ఈ రోజు చదువుకుని ఇక్కడ రాస్తున్నానంటే అది వాళ్ళ చలవే. అయినా మీ ప్రతిపాదన తప్పు అంటాను.

ముందు దూరం లెక్క చూడండి. పారాదీప్ ఎదురుగా వేటాడుతున్న బోటు విశాఖకు రావాలంటే దాదాపు 250 నాటికల్ మైళ్ళు. గంటకు ఏడు మైళ్ళు నడిస్తే ఆగకుండా వచ్చినా ఒకటిన్నర రోజు. 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరిక ఆ బోటును ఇంటికి చేర్చదు, దగ్గర్లో ఉన్న ఏదో ఒక రేవు వెతుక్కోవాలి. అదీ కబురు అందితేనే. తీరం నుంచి కాస్త లోపలికి వెళితే సెల్‌ఫోను పలకదు, వీహెచ్‌ఎఫ్ రేడియో మహా అయితే పాతిక ముప్పై మైళ్ళు అందుతుంది. 2017లో ఓఖీ నవంబరు 30న తుపానుగా మారింది. కేరళ, తమిళనాడు బోట్లు చాలావరకు అంతకు కొన్ని రోజుల ముందే లోతు సముద్రంలోకి వెళ్ళిపోయాయి. వాళ్ళు ఏ హెచ్చరికను దాటినట్టు?

ఇక అసలు సంగతి. గాలి ముదిరినప్పుడు బోటును ముందుగా దెబ్బతీసేది కెరటం అనుకుంటారు. చాలాసార్లు సొంత డీజిలు ట్యాంకే దెబ్బతీస్తుంది. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న మడ్డి ఆ ఊగుడుకు పైకి లేచి ఫిల్టరుకు అడ్డుపడుతుంది, ఇంజిను ఆగిపోతుంది. ఇంజిను నడిచినంతసేపు సరంగు అణియాన్ని (బోటు ముందు భాగాన్ని) కెరటానికి ఎదురుగా నిలపగలడు. ఆగిందంటే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును రెండో కెరటమో మూడో కెరటమో బోర్లా వేస్తుంది.

నాన్నను కాపాడిన ఆ రోజు డ్రైవరు ఇంజిను గదిలో మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని, టార్చిలైటు నోట కరుచుకుని, ఫిల్టరు విప్పి తన చొక్కా చింపి తుడిచి బిగించాడట. పైన కళాసీలు వలను, తాళ్ళను మోపుగా కట్టి అణియం నుంచి నీళ్ళలోకి వదిలారు. ఆ బరువు లాగుతూ ఉంటే బోటు ముఖం గాలికి ఎదురుగా నిలుస్తుంది. మూడుసార్లు ఇంజిను మళ్ళీ పలికింది. నాలుగోసారి పలకలేదు.

ఇంజిను మొదటిసారి ఆగినప్పుడే నాన్న సాయం అడిగి ఉండవచ్చు. అడగలేదు. బోటు వదిలేసి వచ్చానంటే యజమానికి ఏ ముఖం చూపించాలి అని ఆరు గంటలు ఆగారు. ఈలోగా చీకటి పడింది, గాలి రెట్టింపయింది. వచ్చిన ఓడ పక్కకు చేరడానికి రాత్రంతా పట్టింది. దానికి తోడు లక్షల ఖర్చు, లైసెన్సు రద్దు అన్న భయం కూడా ఉంటే ఆయన ఇంకెంతసేపు ఆగేవారో మీరే ఊహించండి. అన్నా, ఆలస్యంగా వచ్చిన పిలుపే మీ తమ్ముణ్ణి చీకట్లో, గాలి ముదిరాక బయలుదేరదీస్తుంది.

మధురవాడ మాస్టారు:
ఇంజిను గది సంగతి చదివాక నా ఎర్రదీపం పోలిక సరిపోదని తెలిసింది. వెనక్కి తీసుకుంటున్నాను.

చేపల బజారు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. కానీ సగం నిజం. నేనూ వేట మీద బతికే ఇంట్లో పుట్టినదాన్నే. మా మేనమామ వెళ్ళిన బోటు తిరిగి రాలేదు.

బయలుదేరిన రోజు రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురుతోంది. అందరూ చూశారు. యజమాని మాత్రం మూడు వేల లీటర్ల డీజిలు పోయించాను, ఐసు కరిగిపోతోంది, రెండు రోజుల్లో తేలిపోయే గాలికి భయపడతారా అన్నాడు. కళాసీ కాదనగలడా? ముందే తీసుకున్న బయానా ఇంట్లో ఖర్చయిపోయింది.

మామయ్య శవం దొరకలేదు. గల్లంతైన మనిషిని చట్టం చనిపోయినట్టు ఎంచాలంటే మామూలుగా ఏడేళ్ళు గడవాలి. ఆ ఏడేళ్ళు అత్తయ్యకు బీమా లేదు, పరిహారం లేదు. కర్మకాండ జరిపించడానికి ఆమె ఒప్పుకోలేదు. పొద్దున్నే రేవులో చేపల వేలం పాటకు వచ్చి గంపెడు కానాగంతలు కొనుక్కుని, ఆ బోటు కట్టే చోటు వైపు చూడకుండా వెళ్ళిపోయేది. మరుసటి ఏడాది జూన్‌లో వేట నిషేధం ముగిసేసరికి ఆ యజమాని ఇంకో బోటు దింపాడు. అతన్ని ఏమీ అనకూడదా? తీరవాసి గారి కోపంలో నాకు న్యాయం కనిపిస్తోంది.

జాలారిపేట అబ్బాయి:
అక్కా, అతన్ని వదిలేయమని నేను అనను. కాపాడిన ఖర్చు పేరుతో వేసే శిక్ష అతని దాకా పోదు, సాయం అడగవలసిన సరంగు గొంతు నొక్కుతుంది అంటున్నాను.

పాత నావికుడు:
ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో పనిచేశాను. ఇక్కడ రెండు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

మొదటిది కాపాడినందుకు డబ్బు. ఓడను, సరుకును కాపాడినవారు ప్రతిఫలం అడగవచ్చు. ప్రాణం కాపాడినందుకు ఆ మనిషి దగ్గర ఏమీ తీసుకోరాదు. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందంలో ఇది రాసి ఉంది, ఆచారం అంతకన్నా పాతది. ముంచుకొస్తున్న నీళ్ళలో నిలబడి ఎవరూ రూపాయల లెక్క వేయకూడదని ఆ నియమం.

సాహసం ఎంత ఖరీదైనదో నాకు తెలుసు. 1991 అక్టోబరు చివర ఉత్తర అట్లాంటిక్ తుపానులో కత్తిచేపల వేటకు వెళ్ళిన ఆండ్రియా గెయిల్ అనే బోటు ఆరుగురితో మాయమైంది. అదే తుపానులో, పడవలో ఒంటరిగా చిక్కుకున్న ఒకతని కోసం వెళ్ళిన హెలికాప్టరు గాలిలో ఇంధనం నింపుకోలేక సముద్రంలో దిగింది. అందులోని ఐదుగురిలో ఒకరు దొరకలేదు. తీరవాసి గారి మరదలి భయం ఊహ కాదు.

రెండోది, హెచ్చరికను లెక్కచేయకపోవడం. 2021 మేలో తౌక్తే తుపాను వచ్చినప్పుడు ముంబయి దగ్గర పీ-305 అనే బార్జి (కార్మికులు ఉండే బల్లపరుపు ఓడ) లంగరు తెగి మునిగింది. దాని మీద 261 మంది ఉంటే నౌకాదళం 186 మందిని ప్రాణాలతో తెచ్చింది. తుపాను వస్తోందని తెలిసినా బార్జిని సముద్రంలోనే ఉంచారు. ఆ నిర్ణయం కార్మికులది కాదు. చేపల బజారు అమ్మాయి చెప్పింది కూడా ఇదే.

కాబట్టి శిక్షను రక్షణ నుంచి విడదీయండి. సూచిక ఎగిరాక జెట్టీ వదిలిన ప్రతి బోటుకూ జరిమానా వేయండి, అది క్షేమంగా తిరిగి వచ్చినా సరే, దానిని కాపాడవలసి వచ్చినా సరే. అప్పుడు సాయం అడిగినందువల్ల అదనంగా పోయేది ఏమీ ఉండదు, సరంగు మొదటి గంటలోనే పిలుస్తాడు. బోట్లకు లక్ష ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో తెలిపే పరికరాలు) ఉచితంగా బిగించే కార్యక్రమాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. ఉపగ్రహం ద్వారా సందేశం ఇటూ అటూ పోతుంది. అది బిగించిన బోటు ఏ గంటకు బయలుదేరిందో, హెచ్చరిక ఏ గంటకు అందిందో ఎవరూ కాదనలేరు.

తీరవాసి:
నావికుడి గారికి నమస్కారం. రాత్రి ఈ చర్చంతా తమ్ముడికి ఫోనులో చదివి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, మేము బయలుదేరేముందు వాళ్ళ తప్పెవరిదని అడగం. ఎక్కడున్నారు, ఎంతమంది, ఎంతసేపటి నుంచి అని అడుగుతాం. మూడో ప్రశ్నకు జవాబు విన్నప్పుడే బాధేస్తుంది" అన్నాడు. కాపాడిన ఖర్చు వసూలు చేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జెట్టీ దగ్గర జరిమానా మాత్రం ఉండాలి, అందులో నేను తగ్గను.

జాలారిపేట అబ్బాయి:
నాకూ సమ్మతమే అన్నా. దానితో పాటు ఒకటి అడుగుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధానికి ప్రభుత్వం 2025 నుంచి 20 వేల రూపాయలు ఇస్తోంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం. మనుషుల ప్రాణాల కోసం తుపాను రోజుల్లో ఆపుతున్నప్పుడు కూడా రోజుకు ఇంతని కళాసీ చేతికి రావాలి. 1996 నవంబరులో కాకినాడ తుపానులో వందలమంది వేటగాళ్ళు తిరిగి రాలేదు. దీపావళికి ఇంట్లో బియ్యం నిండుగా ఉంటే వాళ్ళలో కొందరైనా ఆగేవారని నాన్న ఇప్పటికీ అంటారు.

చేపల బజారు:
నావికుడు బాబాయ్ గారి మాట బాగుంది, తమ్ముడి మాటా బాగుంది. ఒక్క సందేహం. జెట్టీ దగ్గర వేసిన జరిమానాను ఆ యజమాని కళాసీల వాటాలోంచి కోసుకోడని ఏమిటి నమ్మకం? ఐసు డబ్బు, వల చిరిగిన డబ్బు ఇప్పటికే అలాగే కోస్తున్నారు.

జాలారిపేట అబ్బాయి:
దానికి నా దగ్గర జవాబు లేదు అక్కా. ఆదివారం పేటలో సంఘం కూర్చుంటుంది. మొదట ఇదే అడుగుతాను. నాన్ననూ తీసుకువెళుతున్నాను.