పిల్లలు నేరాల దారి పట్టడానికి కారణం తెరా, ఇల్లా?

చినుకు:
మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడు ఆడే ఆటలో మనిషిని కాలిస్తే పాయింట్లు వస్తాయి, తలకు గురిపెట్టి కాలిస్తే ఇంకా ఎక్కువ. మొన్న పక్కనే కూర్చుని అరగంట చూశాను. పడిపోయినవాడి మీదుగా దూకి వెళ్లిపోతాడు, ఒక్క క్షణం కూడా ఆగడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ ఏ మైనరు కత్తి పట్టినా "పెంపకం సరిగా లేదు" అని తల్లిదండ్రుల మీద పడతారు కదా, మరి రోజూ గంటల తరబడి హత్యలు చూపించే తెరను ఎవరూ ఎందుకు అడగరు? మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం తెలిసిందే. పెద్దవాళ్లు గాలిబొమ్మను చితకబాదడం చూసిన పిల్లలు తర్వాత దాన్ని అచ్చం అలాగే, అవే మాటలంటూ కొట్టారు. 1963లో అదే సినిమాగా చూపించినా అంతే జరిగింది. తెరే మొదటి దోషి అని నా అభిప్రాయం.

గట్టుమీద:
చినుకు గారూ, ఆ బొమ్మ కొడితే పడి మళ్లీ లేచేలా తయారుచేసినది. దాన్ని కొట్టడానికీ, తోటి పిల్లాణ్ణి కొట్టడానికీ చాలా దూరం ఉంది. అమెరికాలో హింసాత్మక నేరాలకు అరెస్టయిన మైనర్ల సంఖ్య 1994 ప్రాంతంలో తారస్థాయికి చేరి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. వీడియో గేములు ఇంటింటికీ చేరింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు దాదాపు వెయ్యి మందిని పరిశీలించారు. పిల్లలు చెప్పింది ఒక్కటే నమ్మకుండా, వాళ్ల ప్రవర్తన గురించి ఇంట్లో పెద్దల్నీ అడిగారు. హింస ఉన్న ఆటలకూ దుడుకుతనానికీ సంబంధం కనిపించలేదు.

చినుకు:
ఒక్క అధ్యయనంతో తేలిపోతుందా అండీ? 1977లో టీవీ హింస ఎక్కువగా చూసిన చిన్నపిల్లల్ని పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిసి, పెద్దయ్యాక కూడా దుడుకుతనం ఎక్కువగానే ఉందని అమెరికా పరిశోధకుడు హ్యూస్‌మన్ బృందం 2003లో రాసింది. దానికేమంటారు?

గట్టుమీద:
కాదనను. కానీ దుడుకుతనం వేరు, నేరం వేరు. తలుపు ధడేల్మని వేయడం, అరవడం, తోయడం కూడా ఆ లెక్కల్లోకి వస్తాయి. అమెరికా మనోవిజ్ఞాన సంఘం 2020లో ఈ తేడానే చెప్పింది: ఆటలకూ దుడుకుతనానికీ కొద్దిపాటి సంబంధం ఉంది, నిజమైన హింసకు మాత్రం ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదు.

రావిచెట్టు:
ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఈ సామెత ముందు మీ ప్రయోగాలన్నీ దిగదుడుపే. అయినా మీకు లెక్కలే కావాలంటే చూడండి. దక్షిణ లండన్‌లో 411 మంది అబ్బాయిల్ని 1961 నుంచి, అంటే ఎనిమిదేళ్ల వయసు నుంచి, దశాబ్దాలపాటు గమనించారు. ఆరు శాతం కుటుంబాల్లోనే దాదాపు సగం కోర్టు శిక్షలు పోగుపడ్డాయి. దారి తప్పిన పిల్లల ఇళ్లలో ఎక్కువగా కనిపించినవి ఇవే: తండ్రి జైలుకెళ్లడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం, పట్టించుకున్నప్పుడు చావబాదడం. తల్లో తండ్రో లేని ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒంటరిదీపం:
రావిచెట్టు గారూ, ఆ చివరి మాట దగ్గర ఆగండి. నేను ఒక్కదాన్నే ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను. మీరు చెప్పిన ఆ లండన్ పిల్లల మీదే 2001లో ఇంకో విశ్లేషణ వచ్చింది. తల్లిదండ్రులు కలిసే ఉన్నా రోజూ గొడవలు పడే ఇళ్ల పిల్లలూ, విడిపోయిన ఇళ్ల పిల్లలూ దాదాపు ఒకే స్థాయిలో దారి తప్పారు. విడిపోయిన ఇళ్లలోనూ తల్లి దగ్గరే పెరిగినవాళ్లు మాత్రం గొడవల్లేని జంటల పిల్లల్లాగే ఉన్నారు. ఇంట్లో ఎంతమంది పెద్దలున్నారని కాదు, ఆ పెద్దల మధ్య ఏం జరుగుతోందని అడగాలి. మేం విడిపోకముందే నా పెద్దవాడు పక్క తడిపేవాడు. విడిపోయిన రెండు నెలలకు అది ఆగిపోయింది.

రావిచెట్టు:
అమ్మా, తొందరపడి అనేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లబల్ల:
ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒక అబ్బాయి గురించి చెబుతాను. తోటివాడి ముక్కు పగలగొట్టాడు. కొట్టే ముందు వాడు కాలరు సర్దుకుని, మెడ అటొకసారి ఇటొకసారి విరిచి, నెమ్మదిగా నడిచి వెళ్లాడు. అచ్చం సినిమా హీరోలా. మా స్టాఫ్ రూములో అందరూ సినిమాల్ని తిట్టారు, నేను కూడా. మర్నాడు బోర్డు పైన తుడవడానికి వాడి పక్కనుంచి డస్టరు ఎత్తాను. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని బెంచీ కిందికి వంగిపోయాడు. అప్పుడు నాకు అర్థమైంది. నడక తెర మీద నేర్చుకున్నాడు, దెబ్బ మాత్రం ఇంట్లో నేర్చుకున్నాడు. అందుకే నాకు ఈ రెండింటినీ విడదీసి పోటీ పెట్టడం నచ్చదు. రోజూ తన్నులు తినే పిల్లాడికి హీరో కొట్టడం ఒకలా కనబడుతుంది, ఎవరూ చెయ్యెత్తని ఇంట్లోని పిల్లాడికి ఇంకోలా కనబడుతుంది. చూసే దృశ్యం మాత్రం ఒక్కటే.

ఇంకోటి కూడా. కౌమారంలో చిన్న తప్పులు చేసేవాళ్లలో చాలామంది పెద్దయ్యాక మానేస్తారు. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త టెర్రీ మాఫిట్ 1993లో ఈ తేడా స్పష్టంగా రాశారు. చిన్నతనం నుంచే మొదలై ఆగకుండా సాగే కొద్దిమంది గురించే నిజంగా భయపడాలి. పదిహేనేళ్లవాడు ఒకసారి గోడ దూకినంతమాత్రాన నేరస్తుడని ముద్ర వేయకండి.

చినుకు:
నల్లబల్ల గారూ, మీ మాట నన్ను కదిలించింది. కానీ మా ఇంట్లో ఎవరూ చెయ్యెత్తరు. అయినా వాడు తలుపు వేసుకుంటున్నాడు. ఫోను తనిఖీ చేయాలా? ఎలా కనిపెట్టుకుని ఉండాలి?

నల్లబల్ల:
స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. పిల్లలు ఎక్కడ ఏం చేస్తున్నారో తెలిసిన తల్లిదండ్రులకు ఆ సంగతి ఎక్కువగా నిఘా వల్ల తెలియలేదు. పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే తెలిసింది. ఫోను లాక్కుంటే వాడు చెప్పడం మానేస్తాడేమోనని నా భయం. వాడు ఆఖరిసారి మీకు తనంతట తాను ఏదైనా చెప్పింది ఎప్పుడు?

చినుకు:
గుర్తు రావడం లేదండీ. రాత్రి పన్నెండు దాకా ఆటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఇవాళ సాయంత్రం మళ్లీ పక్కన కూర్చుంటాను. ఆ పడిపోయినవాడు ఎవరని, ఎందుకు కాల్చావని వాణ్ణే అడుగుతాను. ఏం చెప్పాడో రేపు ఇక్కడ రాస్తాను.