ఇంట్లో పొగ వద్దని పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. నేను నర్సుని. ఆరు నెలలుగా ఆస్ట్రేలియాలో, దేశం నడిమధ్య ఎడారి ప్రాంతంలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి చాలా దూరంగా ఉన్న ఒక ఆదివాసీ ఊరి క్లినిక్‌లో పనిచేస్తున్నాను.

చెవిలో చీము, ఆయాసంతో వచ్చే చిన్నపిల్లలే ఎక్కువ. ఇంట్లో సిగరెట్ పొగ కూడా ఒక కారణం. క్లినిక్ ఆవరణలో ఎవరూ సిగరెట్ తాగరు, బోర్డు చాలు. ఇళ్ల దగ్గరే చిక్కు. ఒక్కో ఇంట్లో పది పన్నెండు మంది. చలికాలం రాత్రి ఎడారిలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. ఆ చలిలో ముసలావిడని బయటికెళ్లి తాగమనడానికి నోరు రాదు. మా శ్రీకాకుళంలో నానమ్మ అడ్డచుట్ట కాలుస్తుంటే ఎవరైనా ఆపగలిగారా!

ఆదివాసుల్లో సిగరెట్ అలవాటు తగ్గించడానికి 2010 నుంచి ప్రభుత్వ కార్యక్రమం నడుస్తోంది. దేశం మొత్తం మీద ఆదివాసుల్లో 15 ఏళ్లు, ఆపైన వయసులో రోజూ సిగరెట్ తాగేవాళ్లు 2012-13లో 41 శాతం, 2018-19లో 37 శాతం. మారుమూల ఊళ్లలో మాత్రం ఆ తగ్గుదల పెద్దగా లేదు.

ఇంకో సందేహం. వాళ్ల ఆచారాల్లో ఆకులు కాల్చి పొగ వేస్తారు, అది పవిత్రం. ‘పొగ వద్దు’ అని రాస్తే తప్పుగా అనుకుంటారా? ‘సిగరెట్ వద్దు’ అనాలా?

ఇలాంటి ఊళ్లలో పనిచేసిన తెలుగువాళ్లు ఉంటే చెప్పండి. ముందు ఊరి పెద్దలతో మాట్లాడారా, స్థానిక ఆరోగ్య కార్యకర్తల చేత చెప్పించారా? వరండాలో చలి కాగే చోటు లాంటిది ఎవరైనా ఏర్పాటు చేశారా?